చలి ఉదయమున చోక్ మర్మము

మార్గశిర, పుష్య మాసములలో తెల్లవారుజామున మన వీధులలో వినవచ్చు ధ్వనులలో పాత మోటారు సైకిలును కిక్కు కొట్టు ధ్వని ఒకటి. పది తన్నులు తన్నినను, ఇరువది తన్నులు తన్నినను బండి పలుకదు. అంత చలిలోను యజమాని చొక్కా చెమటకు తడియును. తుదకు ఇంజను మేల్కొన్నను నాలుగు దగ్గులు దగ్గి మరల నిదురించును. అప్పుడు కొందరు పెట్రోలు బంకును, కొందరు మెకానిక్కును, మరికొందరు బండి కొన్న ముహూర్తమును నిందింతురు. పెక్కు సందర్భములలో దోషము వీరిలో ఎవరిదియు కాదు. చల్లబడిన ఇంజనునకు ఏమి కావలయునో, ఎంత కావలయునో తెలియకపోవుటయే ఈ తంటాకు మూలము.

2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్.-6 కాలుష్య నియమముల తరువాత తయారైన బళ్ళలో ఇంచుమించు అన్నిటికిని ఫ్యూయల్ ఇంజెక్షన్ పద్ధతి అమర్చబడినది. వానిలో ఇంజను ఎంత చల్లగా నున్నదో కొలిచి, కావలసినంత పెట్రోలును ఒక చిన్న యంత్రమే లెక్కించి చిమ్మును. నడుపువానికి ఆ చింత లేదు. కాని అంతకు పూర్వపు కార్బురేటర్ బళ్ళు నేటికిని మన పల్లెలలోను, పట్టణములలోను తిరుగుచునే యున్నవి. పాలు పోయువారికి, కూరగాయలు సంతకు చేర్చువారికి, మొదటి గంటకే బడి తెరవవలసిన ఉపాధ్యాయులకు అవియే ఆధారము. వేకువజామున ఇంటిలో ఒకరికి సుస్తీ చేసి ఆసుపత్రికి పోవలసి వచ్చినపుడు బండి కదలకున్న కలుగు ఆందోళన అనుభవించిన వారికే తెలియును. కనుక ఈ విషయము తెలిసికొనుట వలన ప్రయోజనము కలదు.

ముందుగా కార్బురేటర్ చేయు పని ఏమో చూతము. పెట్రోలు ద్రవరూపమున మండదు. మండునది దాని ఆవిరి. ఆ ఆవిరి గాలితో తగుపాళ్ళలో కలిసిననే ప్లగ్గు నుండి వెలువడు నిప్పురవ్వకు అంటుకొనును. తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ళ గాలి చేరినచో రెండును పూర్తిగా మండును. ఈ కలయికను సమకూర్చునదే కార్బురేటర్. జర్మనీ దేశమున డెయిమ్లర్, మేబాక్ అనువారు 1885లో తొలి పెట్రోలు మోటారు సైకిలును నిర్మించిరి. పెట్రోలును సన్నని రంధ్రము గుండ చిమ్మించు కార్బురేటర్ 1893 ప్రాంతమున వాడుకలోనికి వచ్చినది. దానికి మేబాక్ ఒకవైపున, హంగెరీ దేశీయులైన బాంకీ, చోంకా అనువారు మరొకవైపున కారకులు.

దీని సూత్రము మిగుల సులభమైనది. గొట్టము నడుమ సన్నబడినచో అచ్చట గాలి వేగము హెచ్చును, ఒత్తిడి తగ్గును. బెర్నూలీ 1738లో ప్రకటించిన సిద్ధాంతమిది. సన్నబడిన గొట్టమునకు దానిని పరిశీలించిన ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంటూరీ పేరు నిలిచినది. పిస్టను క్రిందికి దిగునపుడు గాలి ఆ గొట్టము గుండ లోనికి దూసికొనిపోవును. ఒత్తిడి తగ్గిన చోట ఒక సన్నని జెట్ ఉండును. దాని అడుగున ఫ్లోటు గిన్నెలో నిలువయున్న పెట్రోలు ఆ జెట్ గుండ పైకి ఎగసి, తుంపరయై గాలిలో కలియును. యాక్సిలరేటర్ త్రిప్పినపుడు పైకి లేచు స్లయిడు ఎంత గాలిని పోనీయవలయునో నిర్ణయించును.

ఇంజను వేడిగా నున్నపుడు ఈ ఏర్పాటు చక్కగా సాగును. తుంపరలు వేడి గోడలను తాకి క్షణములో ఆవిరియగును. చలి ఉదయమున కథ వేరు. పెట్రోలు ఒకే పదార్థము కాదు. అనేక ద్రవముల మిశ్రమము. వానిలో కొన్ని 35 డిగ్రీల సెంటీగ్రేడు దాపున మరుగును; కొన్నిటికి 200 డిగ్రీల వేడి కావలయును. చల్లని ఇంజనులో తేలికయైన భాగము మాత్రమే ఆవిరియై, బరువైన భాగము తడిగానే గొట్టపు గోడలకు అంటుకొనిపోవును. చలిదినమున దండెము మీద బట్టలు ఆరకుండుటయు ఇట్టిదే. జెట్ గుండ వచ్చిన పెట్రోలు లెక్కకు సరిపోయినను, నిప్పురవ్వను చేరు ఆవిరి మాత్రము చాలదు. దీనికి తోడు చల్లని గాలి చిక్కగా నుండును. 35 డిగ్రీల గాలి కంటె 10 డిగ్రీల గాలి సాంద్రత ఇంచుమించు నూటికి 9 పాళ్ళు హెచ్చు. అనగా పెట్రోలు ఆవిరి తగ్గినవేళనే గాలి పెరుగుచున్నది. మిశ్రమము పలుచబడి అంటుకొనుట మానును.

ఇందుకు ఉపాయమేమి? మన ఇండ్లలో పొయ్యి రాజేయు పద్ధతిని తలచుకొనుడు. మొద్దు కట్టెకు అగ్గిపుల్ల చూపినచో అంటుకొనదు. ముందు చిదుగులు ఎక్కువగా వేసి మంట పుట్టించి, కట్టె అంటుకొనిన పిమ్మట చిదుగులు వేయుట మానుదుము. చల్లని ఇంజనునకు చేయవలసినదియు ఇదియే. సాధారణముగా ఇచ్చు దానికి రెండు మూడింతల పెట్రోలును అందించినచో, అందులో ఆవిరియగు తేలిక భాగమే మంటకు సరిపడును. తక్కిన భాగము ఆ క్షణమునకు వ్యర్థము. కాని అవసరమైన వ్యర్థము. ఈ అదనపు పెట్రోలును తాత్కాలికముగా ఇచ్చు సాధనమునకే వాడుకలో చోక్ అని పేరు. 'తాత్కాలికముగా' అను మాటను శ్రోతలు గట్టిగా గుర్తుంచుకొనవలెను. అంటుకొన్న పొయ్యిలో ఇంకను చిదుగులు గ్రుక్కినచో మిగులునది పొగయే కదా!

చోక్ అని మనము ఒకే పేరుతో పిలుచునవి నిజమునకు మూడు విధములు. వీని భేదము తెలియకపోవుటచేతనే పలువురు చిక్కులు పడుచుందురు.

మొదటిది గొంతు నొక్కు పద్ధతి. చోక్ అను ఆంగ్ల పదమునకు అర్థమే ఊపిరి సలుపనీయక పోవుట. కార్బురేటర్ ముఖమున ఒక రేకు ఉండును. మీట లాగినపుడు ఆ రేకు అడ్డుపడి గాలిని తగ్గించును. లోపల పీల్పుడు హెచ్చి జెట్ల నుండి పెట్రోలు ఎక్కువగా వచ్చును. ఇట్టి బండికి స్టార్టు చేయునపుడు యాక్సిలరేటర్‌ను వెంట్రుకవాసి తెరచిన మేలు కలుగవచ్చును. స్లయిడు కొంచెము లేచినచో పీల్పుడు ప్రధాన జెట్ వరకు అందును.

రెండవది ప్రత్యేక మార్గము. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 బళ్ళలో దీర్ఘకాలము వాడబడిన మికార్బ్ కార్బురేటర్ ఈ జాతిది. ఇందులో గాలిని అడ్డు రేకు లేదు. మీట ఎత్తినపుడు ఒక చిన్న ముషలకము పైకి లేచి, ఫ్లోటు గిన్నె నుండి ఇంజను వైపునకు వేరొక సన్నని దారి తెరచుకొనును. ఆ దారి స్లయిడునకు ఆవలి ప్రక్కన, ఇంజను సమీపమున ముగియును. స్లయిడు మూసియున్నంతసేపే అచ్చట పీల్పుడు బలముగా నుండును. అందుచేత ఇట్టి బండికి చోక్ వేసి యాక్సిలరేటర్ త్రిప్పుచు కిక్కు కొట్టినచో పీల్పుడు సడలి ఆ దారి గుండ పెట్రోలు రాదు. చోక్ వేసియు వేయనట్లే యగును. తన్నినకొలది పిడికిలి బిగించి యాక్సిలరేటర్ త్రిప్పుట మనలో అనేకులకు అలవాటు. ఈ రకపు కార్బురేటర్‌తో ఆ అలవాటు శత్రువు. చేయి ఊరక ఉంచుటయే ఇచ్చట నేర్పు.

మూడవది పొంగించు పద్ధతి. పాత జావా బళ్ళ యందలి జికోవ్ కార్బురేటర్‌కు ఒక చిన్న బొత్తాము ఉండెడిది. దానిని వ్రేలితో నొక్కినచో లోపల ఫ్లోటు అడుగునకు పోయి, గిన్నెలో పెట్రోలు మట్టము పెరిగి, బొట్టుబొట్టుగా బయటకు కారును. బొట్టు కనిపించిన వెంటనే వ్రేలు తీసి కిక్కు కొట్టవలెను. జావా బళ్ళు మైసూరులో 1961 నుండి తయారైనవి. తరువాత యెజ్డీ అను పేర వచ్చినవి. ఆ కర్మాగారము 1996లో మూతపడినది. ఆ బళ్ళలో గేరు మీటయే కిక్కు మీటగా కూడ పనిచేయుట చూచి ముచ్చటపడనివారు లేరు. మన ఇరుగుపొరుగున బజాజ్ స్కూటరును ఒక ప్రక్కకు వంచి నిలిపి స్టార్టు చేయువారిని చూచియే యుందురు. అదియును ఒక విధమగు పొంగింపే. బండి వంగినపుడు గిన్నెలోని పెట్రోలు కొంత ఇంజను దారిలోనికి ఒలుకును. శాస్త్రము చదువకయే అనుభవము నేర్పిన ఉపాయమది.

తమ బండి ఏ రకమునకు చెందినదో తెలిసికొనుట కష్టము కాదు. గాలి వడపోత గొట్టమును ఊడదీసి, కార్బురేటర్ ముఖము వైపు చూచుచు చోక్ మీటను కదల్పవలెను. రేకు కదలినచో మొదటి రకము. ఏమియు కదలక లోపల టక్కుమను చప్పుడు మాత్రము వినిపించినచో రెండవ రకము. పైన నొక్కుటకు బొత్తాము ఉన్నచో మూడవ రకము.

ఇక ఒక నిర్దిష్టమైన బండిని తీసికొని క్రమమును చూతము. 1955లో మద్రాసున తయారీకి ఏర్పాటు జరిగినది మొదలు దశాబ్దముల పాటు వచ్చిన పాత బుల్లెట్‌ను ఉదాహరణగా గ్రహింతము. రాత్రియంతయు నిలిచిన బండిలో నూనె చిక్కబడి యుండును. క్లచ్ పలకలు ఒకదానికొకటి అంటుకొని యుండును. కనుక స్విచ్చి వేయకముందే క్లచ్ మీట పట్టుకొని రెండు మూడు సార్లు కిక్కు మీటను మెల్లగా త్రొక్కి పలకలను విడదీయవలెను. అటు పిమ్మట పెట్రోలు ట్యాపు త్రిప్పి, గిన్నె నిండుటకు కొన్ని క్షణములు ఆగవలెను. చోక్ వేయవలెను. తాళము త్రిప్పవలెను. అంతట కిక్కు మీటను నెమ్మదిగా నొక్కుచు హెడ్‌లైటు పైనున్న అమ్మీటరును గమనింపవలెను. ముల్లు ఒక ప్రక్కకు వాలి, తిరిగి నడిమికి వచ్చి నిలిచినచో పిస్టను పై కొసకు చేరువగా నున్నదని గుర్తు. ఎడమచేతి దగ్గరనున్న డీకంప్రెసర్ మీటను నొక్కి పట్టి, కిక్కును మరి కొంచెము త్రొక్కి, పిస్టను పై కొసను దాటునట్లు చేయవలెను. డీకంప్రెసర్‌ను విడిచి, కిక్కు మీట పూర్తిగా పైకి రానిచ్చి, ఒకే ఒక నిండు తన్ను తన్నవలెను.

ఇచ్చట బలము కంటె నిదానము ముఖ్యము. పిస్టను పై కొసకు రాకముందే అరకొరగా తన్నినచో, నిప్పురవ్వ ముందుగా పడి పిస్టను వెనుకకు నెట్టబడవచ్చును. అప్పుడు కిక్కు మీట ఎగిరి కాలిని కొట్టును. చీలమండకు, పిక్కకు దెబ్బలు తగులుట ఇందువలననే. చెప్పులతో కాక గట్టి బూట్లతో తన్నుట, తన్నిన కాలిని మోకాలి వద్ద కొంచెము వంచి యుంచుట క్షేమకరము.

బండి స్టార్టు అయినది. ఇప్పుడు చోక్‌ను ఎప్పుడు తీయవలెను? మన ప్రాంతపు చలికి అర నిమిషము మొదలు ఒకటి రెండు నిమిషములు చాలును. ఇంజను చప్పుడే చెప్పును. మొదట చురుకుగా తిరిగిన ఇంజను క్రమముగా బరువెక్కి, తడబడి, సైలెన్సరు నుండి నల్లని పొగ రాసాగినచో చోక్ ఇక వలదని అర్థము. మీటకు సగము దూరపు నిలుపుదల ఉన్నచో ముందు సగము తీసి, కొంతసేపటికి పూర్తిగా తీయవలెను. చల్లని ఇంజనును అదే పనిగా రేజ్ చేయుట తగదు. నూనె అన్ని భాగములకు చేరుటకు వ్యవధి నీయవలెను. అట్లని పది నిమిషములు నిలువబెట్టి తిరుగనిచ్చుటయు మంచిది కాదు. చోక్ తీసి, తొలి మైలు రెండు మైళ్ళు నెమ్మదిగా నడుపుటయే ఇంజనును వేడెక్కించు ఉత్తమ మార్గము.

చోక్ మరచి నడిపినచో నష్టమేమని కొందరడుగుదురు. మైలేజి తగ్గుట అందరికి తెలిసిన నష్టము. తెలియని నష్టము మరొకటి కలదు. మండని పెట్రోలు సిలిండరు గోడల మీది నూనె పొరను కడిగివేయును. ఇనుము మీద ఇనుము రాపాడి రింగులు అరుగును. ఆ పెట్రోలు క్రిందికి దిగి ఇంజను నూనెలో కలిసి దానిని పలుచన చేయును. ప్లగ్గు కొనకు మసి పట్టును. మరునాడు బండి స్టార్టు కాదు. దానికి యజమాని మరింత చోక్ వేయును. ఈ విధముగా రోగమును మందే పెంచుచుండును.

ఇక ఎంత తన్నినను పలుకని బండి మాట. పెట్రోలు వాసన గుప్పున కొట్టుచున్నచో ఇంజను పెట్రోలులో మునిగినదని, అనగా ఓవర్‌ఫ్లో అయినదని తెలిసికొనవలెను. అప్పుడు ట్యాపు కట్టి, చోక్ తీసి, యాక్సిలరేటర్‌ను పూర్తిగా తెరచి అయిదారు తన్నులు తన్నినచో లోపలి తడి గాలికి ఆరును. అప్పటికిని పలుకనిచో ప్లగ్గు విప్పి చూడవలెను. తడిసియున్నచో పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టవలెను. ప్లగ్గు పొడిగా నున్నచో పెట్రోలు అందుట లేదని గుర్తు. ట్యాపు, ఫ్లోటు గిన్నె, జెట్‌లు చూడవలసినవి. నెలల తరబడి నిలువయున్న పెట్రోలు జిగురుగా మారి సన్నని జెట్‌లను మూసివేయును. ప్రతిదినము చోక్ లేక బండి నిలువకున్నచో, ఎండకాలమున కూడ చోక్ కావలసివచ్చినచో, అది చలి దోషము కాదు. చిన్న జెట్ మూసుకొనిపోయి యుండవచ్చును. లేదా కార్బురేటర్‌కు ఇంజనునకు నడుమనున్న బిగింపులో గాలి చొరబడుచుండవచ్చును. చోక్ ఆ రోగమును దాచునే గాని నయము చేయదు.

మన్యప్రాంతముల వారికి ఒక ప్రత్యేక సూచన. చింతపల్లి చేరువనున్న లంబసింగి చలికి పేరుపడినది. అది సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తున నున్నది. అంత ఎత్తున గాలి నూటికి ఇంచుమించు 10 పాళ్ళు పలుచన. కనుక మైదానమున సరిచేసిన కార్బురేటర్ అచ్చట తనంతట తానే పెట్రోలును కొంచెము ఎక్కువగా ఇచ్చినట్లగును. స్టార్టు చేయుటకు చోక్ వలయును గాని దానిని త్వరగా తీసివేయవలెను.

ఇటీవలి మార్పు మరొకటి పాత బళ్ళ వారు గమనింపదగినది. మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్ళ ఎథనాల్ కలుపుట 2025 నాటికి నెలకొన్నది. ఎథనాల్ ఆవిరియగుటకు పెట్రోలు కంటె రెండింతలకు మించిన వేడిని పీల్చుకొనును. పూర్తిగా మండుటకు దానికి ఒక పాలునకు 9 పాళ్ళ గాలి చాలును. కనుక వట్టి పెట్రోలునకై అమర్చిన పాత జెట్‌తో మిశ్రమము కొంత పలుచబడును. చలి ఉదయమున చోక్ అవసరము కొంచెము పెరుగును. ఎథనాల్ తేమను పీల్చుకొనును. పాతకాలపు రబ్బరు గొట్టములను, వాషర్లను చెడగొట్టవచ్చును. బండిని చాలకాలము వాడనిచో ట్యాపు కట్టి, ఫ్లోటు గిన్నెలోని పెట్రోలును దింపి యుంచుట మేలు. రబ్బరు గొట్టములను ఏటేట పరీక్షింపవలెను.

చివరగా అన్నిటికంటె ముఖ్యమైన మాట. చలి యని తలుపులు మూసిన వసారాలోనో, గదిలోనో బండిని స్టార్టు చేయు అలవాటు కొన్ని ఇండ్లలో కలదు. ఇది ప్రాణాపాయకరము. చోక్ వేసియున్నపుడు గాలి చాలక పెట్రోలు అరకొరగా మండును. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు అధికముగా పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకొనుట కంటె 200 రెట్లకు మించిన బలముతో దీనిని పట్టుకొనును. తలనొప్పి, తల తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట దాని మొదటి చిహ్నములు. పిమ్మట స్పృహ తప్పును. ప్రక్క గదిలో నిదురించు పసిపిల్లలు, వృద్ధులు ఏమి జరుగుచున్నదో ఎరుగకయే ఆపదలో పడుదురు. కాబట్టి బండిని ముందు ఆరుబయటకు నెట్టి, తరువాతనే కిక్కు కొట్టవలెను. ఎవరికైనను ఇట్టి లక్షణములు కనిపించినచో వెంటనే బయటి గాలిలోనికి చేర్చి, వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.

పాత యంత్రము మొండిదని అనుకొందుము గాని, దానికి మొండితనము లేదు, నియమము కలదు. చలిలో దానికి నాలుగు చిదుగులు ఎక్కువ కావలెను, వేడెక్కిన పిదప వలదు. తన బండి ఏ రకపు చోక్ కలదో ఎరిగి, చేయి నిదానించి, చెవి యొగ్గి విని, ఆరుబయట స్టార్టు చేయువానికి చలి ఉదయమున కూడ రెండు మూడు తన్నులకు మించి శ్రమ ఉండదు.